కింబర్లీ కాగితం చూపని నెత్తురు

మా మేనకోడలి నిశ్చితార్థానికి ఉంగరం చూద్దామని విజయవాడలో ఒక నగల దుకాణానికి వెళ్లాం. అద్దాల బల్ల మీద నల్ల మఖమలు గుడ్డ పరిచి, దాని మీదికి చిన్న దీపం వంచి, అమ్మే అమ్మాయి ఒక్కో ఉంగరమే తీసి చూపిస్తోంది. ఒకటి వేలికి పెట్టుకుని తిప్పి చూసుకుంటూ మా పిల్లే అడిగింది: "ఆఫ్రికాలో యుద్ధాలకి డబ్బులిచ్చిన వజ్రాలు కాదు కదండీ ఇవి?" ఆ అమ్మాయి తడుముకోలేదు. "అబ్బే, మావన్నీ సర్టిఫైడ్ అండీ" అంటూ ప్లాస్టిక్ తొడుగులో ఉన్న కార్డు ఒకటి తెచ్చి ముందు పెట్టింది. "కాగితం ఉందిగా మావయ్యా" అని మేనకోడలు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నేను కార్డు తీసుకుని కళ్లజోడు సరిచేసుకుని చదివాను. రాయి బరువెంతో ఉంది. రంగు, స్వచ్ఛత, కోత ఏ తరగతివో ఉన్నాయి. ఏ దేశపు మట్టిలో దొరికిందో, ఎవరి చేతులు తవ్వాయో, తవ్వినవాడికి ఏం ముట్టిందో ఒక్క ముక్క కూడా లేదు.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పిందని నేననను. ఆమెకు నేర్పిందే చెప్పింది. నేర్పినవాళ్లకు మరెవరో నేర్పారు. రెండు దశాబ్దాలుగా వజ్రాల వ్యాపారంలో ఒకే మాట చలామణీ అవుతోంది: 2003లో కింబర్లీ ప్రాసెస్ అమల్లోకి వచ్చింది, ముడి వజ్రం సర్టిఫికెట్ లేకుండా దేశం దాటడం లేదు, నెత్తుటి వజ్రాల కథ అక్కడితో ముగిసింది, ఈ రోజు మార్కెట్‌లో ఉన్నవాటిలో 99.8 శాతం శుభ్రమైనవే. వ్యాపార సంఘాలు ఈ మాట చెబుతాయి. ప్రభుత్వాలు చెబుతాయి. ఆలోచించే అలవాటున్నవాళ్లు కూడా నమ్మేస్తారు. ఈ నమ్మకం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. ఎవరికీ హాని చేయని తప్పయితే ఊరుకునేవాణ్ణి. ఇది చచ్చినవాళ్లను లెక్కలోంచి తీసేస్తున్న తప్పు.

ముందు ఆ కాగితం సంగతి తేల్చుకుందాం. కింబర్లీ సర్టిఫికెట్ ఉంగరానికి ఇచ్చేది కాదు, సానబట్టిన రాయికి ఇచ్చేదీ కాదు. ముడి వజ్రాల పొట్లాన్ని తెరిస్తే తెలిసిపోయే పెట్టెలో పెట్టి, సీలు వేసి, ఎగుమతి చేసే దేశం దానికి ఒక నంబరున్న పత్రం జత చేస్తుంది. పత్రంలో క్యారెట్ల లెక్క, డాలర్లలో విలువ, పంపేవారి పేరు, అందుకునేవారి పేరు ఉంటాయి. మన దేశానికి వస్తే రత్నాలు, ఆభరణాల ఎగుమతి ప్రోత్సాహక మండలి ద్వారా ఆ పత్రం సరిచూస్తారు. అక్కడితో దాని ప్రయాణం అయిపోయింది. సీలు విప్పి, రాళ్లు పంచి, సూరత్‌లో సానబట్టాక ఏ రాయి ఏ పత్రంతో వచ్చిందో ఆ పత్రం చెప్పలేదు. అక్కణ్ణుంచి మన దుకాణం దాకా వచ్చేది అమ్మకందారు బిల్లు మీద రాసే హామీ వాక్యం మాత్రమే. మా పిల్లకు చూపించిన కార్డు ప్రయోగశాల ఇచ్చిన నాణ్యత పత్రం. దానికీ కింబర్లీకీ ఏ సంబంధమూ లేదు. కొనేవాళ్లు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటుంటే సరిదిద్దేవాళ్లు ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు.

ఈ ఏర్పాటు ఎందుకు పుట్టిందో మరిచిపోకూడదు. తొంభైల్లో అంగోలాలో సవింబీ నాయకత్వంలోని తిరుగుబాటు సంస్థ యునిటా వజ్రాలు అమ్మి ఆయుధాలు కొనేది. సియెర్రా లియోన్‌లో ఆర్‌యూఎఫ్ తిరుగుబాటు ముఠాలు పల్లెల మీద పడి చేతులు నరికేవి. వాళ్లు కొల్లగొట్టిన కోనో జిల్లా వజ్రాలు లైబీరియా మీదుగా వెళ్లేవి. అప్పటి లైబీరియా అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు ఆ నేరాల్లో పాత్ర ఉందని ప్రత్యేక న్యాయస్థానం 2012లో తేల్చి యాభై ఏళ్ల శిక్ష వేసింది. 1998 చివర్లో గ్లోబల్ విట్‌నెస్, 2000 మొదట్లో పార్ట్‌నర్‌షిప్ ఆఫ్రికా కెనడా అనే చిన్న సంస్థలు నివేదికలు బయటపెట్టి ఈ వ్యాపారాన్ని నడిబజారులో నిలబెట్టాయి. కొనేవాళ్లు ముఖం తిప్పుకుంటారని కంపెనీలకు భయం పట్టుకుంది. 2000 మేలో దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్టణంలో ప్రభుత్వాలు, కంపెనీలు, పౌర సంస్థలు కూర్చున్నాయి. 2002 నవంబరులో ఇంటర్‌లాకెన్‌లో ఒప్పుకున్నాయి. 2003 జనవరి 1న సర్టిఫికెట్ వచ్చింది.

దానివల్ల జరిగిన మేలును కాదనను. సియెర్రా లియోన్ అధికారిక ఎగుమతులు 2000లో కోటి డాలర్ల దగ్గర ఉంటే 2004కి పన్నెండు కోట్లు దాటాయి. దొడ్డిదారిన పోయే రాళ్లు కొన్ని ఖజానా దారి పట్టాయి. ఉత్పత్తికి మించి ఎగుమతి చూపిస్తున్న కాంగో బ్రాజవీల్‌ను 2004లో బయటికి పంపడం కూడా సరైన పనే. కానీ యుద్ధాలను ఆపింది ఈ సర్టిఫికెట్టే అని చెప్పుకోవడం క్యాలెండరుకే విరుద్ధం. సియెర్రా లియోన్‌లో యుద్ధం ముగిసిందని ప్రకటించింది 2002 జనవరిలో. సవింబీ చనిపోయింది ఆ ఫిబ్రవరిలో, అంగోలాలో కాల్పుల విరమణ ఏప్రిల్‌లో. మొదటి సర్టిఫికెట్ అచ్చయ్యేనాటికి ఆ రెండు యుద్ధాలూ అయిపోయాయి. వాటి వెనక ఐక్యరాజ్యసమితి ఆంక్షలున్నాయి, సైన్యాలున్నాయి, విసిగిపోయిన జనం ఉన్నారు. ఆ గెలుపునంతా ఒక్క కాగితం ఖాతాలో రాసేసుకున్నారు.

అసలు గొడవంతా నిర్వచనంలో ఉంది. చట్టబద్ధమైన ప్రభుత్వాన్ని కూలదోయడానికి తిరుగుబాటుదారులు, వాళ్ల మిత్రులు యుద్ధ ఖర్చులకు వాడుకునే ముడి వజ్రాలనే కింబర్లీ 'సంఘర్షణ వజ్రాలు' అంటుంది. తుపాకి తిరుగుబాటుదారుడి చేతిలో ఉంటేనే అది నేరం. అదే తుపాకి సైనికుడి చేతిలో ఉంటే, పోలీసు చేతిలో ఉంటే, కంపెనీ కాపలాదారు చేతిలో ఉంటే ఆ కాల్పుల కింద తవ్విన రాయికి సర్టిఫికెట్ దొరుకుతుంది.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. జింబాబ్వే తూర్పున, ముటారే పట్టణానికి దక్షిణంగా మరాంగే అనే ప్రాంతం ఉంది. 2006లో అక్కడ వజ్రాలు బయటపడ్డాయి. భూమి పైపొరల్లోనే దొరికే రాళ్లు. పార ఉంటే చాలు, జల్లెడ ఉంటే ఇంకా మేలు. ధరలు గంటకోసారి మారిపోతున్న రోజులవి. జీతం రాళ్లు రొట్టెకు కూడా చాలని రోజులు. బడి పంతుళ్లు, నిరుద్యోగులు, పిల్లలు వేల మంది ఆ పొలాల్లోకి దిగారు. 2008 అక్టోబరు చివర్లో ప్రభుత్వం అక్కడికి సైన్యాన్ని పంపింది. ఆ దాడికి షోనా భాషలో పెట్టిన పేరు 'హాకుజోక్వి'. తిరిగి రారు అని అర్థం. హెలికాప్టర్ల మీంచి తవ్వుతున్న జనం మీద తుపాకులు పేల్చారు. కుక్కల్ని వదిలారు. రెండు వందల మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2009 జూన్‌లో నివేదిక ఇచ్చింది. ఆ తర్వాత సైనికులు గ్రామస్థుల్ని, పిల్లల్ని కూడా కొట్టి గుంతల్లోకి దింపి తవ్వించారని అదే నివేదిక చెప్పింది.

కింబర్లీ ఏం చేసింది? 2009లో పరిశీలకుల్ని పంపింది. వాళ్లు భయంకరమైన సంగతులు చూసి వచ్చారు. అయినా నవంబరు సమావేశంలో జింబాబ్వేను సస్పెండ్ చేయలేదు. ఒక కార్యాచరణ ప్రణాళిక రాసుకుని, మరాంగే ఎగుమతులకు ఒక పర్యవేక్షకుణ్ణి పెట్టింది. మరాంగేలో జరుగుతున్నది బయటపెడుతున్న ఫరాయి మగువు అనే స్థానిక కార్యకర్త 2010లో ఆ పర్యవేక్షకుణ్ణి కలిసి తన దగ్గరున్న సమాచారం గురించి మాట్లాడాడు. కొద్దిరోజుల్లోనే అతన్ని అరెస్టు చేసి నెలకు పైగా జైల్లో పెట్టారు. 2011 నవంబరులో కిన్షాసాలో జరిగిన సమావేశం మరాంగే కంపెనీల ఎగుమతులకు పచ్చజెండా ఊపింది. ఆ డిసెంబరులోనే గ్లోబల్ విట్‌నెస్ ఆ ఏర్పాటులోంచి బయటికి వచ్చేసింది. దాన్ని కట్టినవాళ్లలో ఒకరైన ఇయాన్ స్మిల్లీ అంతకు రెండేళ్ల ముందే వెళ్లిపోయారు. ఒకప్పటి పార్ట్‌నర్‌షిప్ ఆఫ్రికా కెనడా కూడా ఇంపాక్ట్ అనే కొత్త పేరుతో 2017లో తప్పుకుంది. మొదట గంట కొట్టినవాళ్లే ఒక్కొక్కరుగా బయటికొచ్చి, ఈ ముద్రను నమ్మొద్దని చెబుతున్నారు. మనం వాళ్ల మాట వినకుండా, అమ్ముకునేవాళ్ల మాట వింటున్నాం. 2023లో కింబర్లీ ప్రాసెస్ అధ్యక్ష స్థానంలో కూర్చున్న దేశం జింబాబ్వే.

అంగోలా వైపు చూడండి. యునిటా తిరుగుబాటు పోయింది, శాంతి వచ్చింది, వజ్రాలన్నీ సర్టిఫికెట్‌తోనే వెళుతున్నాయి. లుండా ప్రాంతపు గనుల దగ్గర సైనికులు, ప్రైవేటు కాపలాదార్లు చేసిన వందకు పైగా హత్యల్ని, వందలాది చిత్రహింసల్ని రఫాయెల్ మార్కెస్ అనే జర్నలిస్టు ఊరూరూ తిరిగి నమోదు చేసి 2011లో పుస్తకంగా వేశాడు. 2015లో కోర్టు శిక్ష వేసింది ఆయనకే. పరువు నష్టం కింద ఆరు నెలలు, సస్పెండ్ చేసిన శిక్ష. ఆ ఊళ్ల వజ్రాలు ఒక్క రోజు కూడా ఆగలేదు.

ఇప్పుడు ఆ 99.8 శాతం ఎలా వచ్చిందో తెలుస్తుంది కదా. ఊళ్లో దొంగతనాలు లెక్కపెట్టేవాడు, బయటి ఊరి ముఠా చేస్తేనే దొంగతనమని, మునసబు మనుషులు చేస్తే కాదని ముందే రాసుకుంటే ఆ ఊరు పుణ్యక్షేత్రంలా కనిపిస్తుంది. మరాంగే శవాలు ఈ లెక్కలో లేవు. లుండా శవాలు లేవు. నిర్వచనంతోనే ఇంతమందిని తీసేశాక మిగిలిన అంకెకు విలువేముంది?

సరే, ఆ ఇరుకు నిర్వచనం మేరకైనా ఈ కాగితం పని చేస్తోందా? మన దగ్గరి ఉదాహరణతో చెబుతాను. తొలకరి పడగానే కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల వేటకు జనం దిగుతారు. వాన కడిగిన ఎర్రమట్టి మీద వంగి వంగి నడుస్తుంటారు. అదృష్టం తగిలినవాడికి రాయి దొరుకుతుంది. అది సాయంత్రానికల్లా గుట్టుగా వ్యాపారి చేతికి పోతుంది. వ్యాపారి దాన్ని మరో పది రాళ్లతో కలిపాక ఏ రాయి ఎవరి చేలోదో ఆ రాళ్లేమీ చెప్పవు. ఇక్కడ యుద్ధం లేదు కాబట్టి నష్టపోయేది కూలివాడి బేరం మాత్రమే. ఇదే పని మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ నది ఒడ్డున జరుగుతోందని అనుకోండి. 2013 మార్చిలో సెలెకా తిరుగుబాటుదారులు రాజధానిని పట్టుకున్నారు. మేలో కింబర్లీ ఆ దేశపు ఎగుమతులు ఆపింది. అసలు ఈ ఏర్పాటు పుట్టిందే ఇలాంటి సందర్భం కోసం. ఏం జరిగింది? రాళ్లు జేబుల్లో పడి సరిహద్దు దాటి కామెరూన్ చేరాయి. అక్కడ కొత్త పుట్టుక సంపాదించుకున్నాయి. 2014లో దుబాయి నుంచి సక్రమమైన సర్టిఫికెట్లతో ఆంట్‌వెర్ప్ చేరిన పొట్లాల్లో మధ్య ఆఫ్రికా రాళ్లున్నాయన్న అనుమానంతో బెల్జియం అధికారులు వాటిని పట్టుకున్నారు. పెద్ద వాణిజ్య కేంద్రంలో రకరకాల దేశాల రాళ్లు కలిపేస్తే కొత్త సర్టిఫికెట్ మీద 'మిశ్రమ మూలం' అని రాసుకోవచ్చు. నిబంధనల ప్రకారమే. మూలం చెప్పడానికి పుట్టిన పత్రం మీద మూలం తెలియదని రాయడానికి అనుమతి ఉంది!

ఉక్రెయిన్ యుద్ధం వచ్చేసరికి మిగిలిన ముసుగు కూడా జారిపోయింది. ప్రపంచపు ముడి వజ్రాల్లో దాదాపు మూడో వంతు రష్యావి. వాటిలో అత్యధికం తవ్వే అల్‌రోసాలో రష్యా సమాఖ్యకు మూడో వంతు వాటా ఉంది, యాకుతియా ప్రాంతీయ ప్రభుత్వానికి నాలుగో వంతు ఉంది. నల్లసముద్ర నౌకాదళంలో ఈ కంపెనీ పేరే పెట్టుకున్న జలాంతర్గామి ఉంది. పొరుగుదేశం మీద క్షిపణులు కురిపిస్తున్న ప్రభుత్వానికి ఈ ఆదాయం చేరుతుంటే కింబర్లీ దృష్టిలో అవి శుభ్రమైన వజ్రాలే. ఎందుకంటే యుద్ధం చేస్తున్నది తిరుగుబాటుదారులు కారు. ఈ విషయం చర్చిద్దామని ఉక్రెయిన్, యూరోపియన్ యూనియన్, మరికొన్ని దేశాలు 2022లో అడిగితే రష్యా, దాని మిత్రులు అడ్డుపడ్డాయి. ఏకాభిప్రాయం లేకుండా కింబర్లీలో ఏ నిర్ణయమూ జరగదు. నిందితుడు ఒప్పుకుంటేనే విచారణ మొదలయ్యే న్యాయస్థానం లాంటిదది. చివరికి జీ7 దేశాలు కింబర్లీతో పని లేకుండా 2024 జనవరి నుంచి రష్యా వజ్రాల మీద సొంతంగా నిషేధం పెట్టుకున్నాయి.

ఈ విమర్శలు విన్నవాళ్లు మూడు జవాబులు చెబుతారు. మొదటిది, ఏమీ లేకపోవడం కన్నా ఇది నయం కదా అని. సరిహద్దుల దగ్గర లెక్కలు రాసుకునే ఏర్పాటుగా నయమే, ఉంచండి. కానీ దాన్ని మంచితనపు ముద్రగా అమ్మడం మానండి. ముద్ర లేని రోజుల్లో కొనేవాడు అడిగేవాడు, ఆ భయంతోనే కంపెనీలు 2000లో కింబర్లీకి పరిగెత్తాయి. ముద్ర వచ్చాక అడగడం మానేశాడు. మా మేనకోడలు ఒక్క కార్డు చూసి నోరు మూసుకుంది చూశారా, మరాంగేలో చనిపోయినవాళ్లకు జరిగిన రెండో అన్యాయం అదే.

రెండో జవాబు, వజ్రాలు బోట్స్‌వానాను బాగుచేశాయని. నిజమే. ఆ దేశం డిబీర్స్‌తో సగం సగం వాటాతో డెబ్‌స్వానా కంపెనీ నడిపి, ఆ డబ్బు బళ్లకు, ఆసుపత్రులకు, రోడ్లకు పెట్టింది. అది గట్టి బేరం, మంచి పరిపాలన చేసిన పని. అది జరిగింది ఈ సర్టిఫికెట్ పుట్టకముందు. కోనో జిల్లాలో ఈనాటికీ మోకాలి లోతు బురదనీళ్లలో నిలబడి జల్లెడ ఊపేవాడికి, తవ్వకానికి పెట్టుబడి పెట్టినవాడు ఇచ్చే బియ్యం, కొద్దిపాటి కూలి, రాయి దొరికితే చిన్న వాటా తప్ప ఏమీ లేదు. రాయి విలువ కట్టేది కూడా పెట్టుబడిదారుడే. అతని రాయికీ కింబర్లీ పత్రం ఉంటుంది.

మూడోది మన ఇంటి జవాబు, నాకు బరువుగా అనిపించేదీ అదే. ప్రపంచంలో పది వజ్రాల్లో తొమ్మిదింటికి సానబట్టేది సూరత్. లక్షల మంది రత్నకళాకారులు తిరిగే చక్రం ముందు వంగి కూర్చుని కళ్లు పోగొట్టుకుంటూ బతుకుతున్నారు. నిబంధనలు బిగిస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టేనంటారు. ఆ కుటుంబాల బాధను నేను చిన్నది చేయను. కానీ వాళ్లకు ఈ మధ్య పని లేకుండా చేసింది నైతిక నిబంధనలా? ప్రయోగశాల వజ్రాలు వచ్చి ధరలు పడిపోయాయి, అమెరికాలో, చైనాలో గిరాకీ తగ్గింది. తవ్విన వజ్రానికి ఇక మిగిలిన విలువంతా నమ్మకంలోనే ఉంది. ఏ రాయి ఎక్కడిదో ఖచ్చితంగా చెప్పగల ఊరిగా సూరత్ పేరు తెచ్చుకుంటే ఆ పేరే వాళ్లకు అన్నం పెడుతుంది. ప్రపంచపు వజ్రాలు చాలావరకు వచ్చేది మన చేతుల మీదుగానే కాబట్టి, అడిగే అధికారం కూడా మనకే ఎక్కువ.

భారతదేశం 2008లో, మళ్లీ 2019లో కింబర్లీకి అధ్యక్షత వహించింది. 2019లో నిర్వచనం మార్చడమే ముఖ్యమైన పనిగా ఉండింది. ఢిల్లీ సమావేశం అది తేలకుండానే ముగిసింది. అంతకు ముందు 2012లో అమెరికా అధ్యక్షతన కూడా అంతే. మన ప్రభుత్వం ఇది ఇతరుల గొడవని తప్పుకోవడానికి వీల్లేదు. వజ్రాలంటే ప్రపంచానికి గోల్కొండ పేరే తెలిసిన రోజుల్లో, పదిహేడో శతాబ్దంలో, టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులకు వచ్చాడు. అక్కడ దాదాపు అరవై వేల మంది పని చేస్తున్నారని, మగవాళ్లు తవ్వుతుంటే ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తున్నారని రాసిపెట్టాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. ఆ గనుల నుంచి వెళ్లిన రాళ్లకు పేర్లున్నాయి, చరిత్రలున్నాయి, వాటిని పెట్టుకున్న రాజుల రాణుల వంశవృక్షాలున్నాయి. ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు. మరాంగే పిల్లల విషయంలో మనం అదే పని మళ్లీ చేస్తున్నాం, ఈసారి సర్టిఫికెట్ జతచేసి.

సైన్యం, పోలీసు, కాపలాదారు ఎవరు హింసించినా ఆ రాయి సంఘర్షణ వజ్రమేనని నిర్వచనం మారాలి. ఒక్క దేశం చేయి అడ్డుపెడితే అంతా ఆగిపోయే పద్ధతి పోవాలి. 'మిశ్రమ మూలం' అన్న మాట పత్రాల మీంచి పోవాలి. గని పేరు ముడి రాయితో పాటు సానబట్టిన రాయి వెంట కూడా రావాలి. ఇవి కుదిరేదాకా ఏ దుకాణమూ, ఏ సంఘమూ, ఏ ప్రభుత్వమూ 'నెత్తురంటని వజ్రం' అనే మాట వాడకూడదు.

ఆ రోజు మేం ఉంగరం కొనలేదు. ఆ కార్డులో ఏం లేదో నేను చెప్పాక, లేచి వచ్చేముందు ఒక చీటీ మీద మూడు ప్రశ్నలు రాసి మేనేజరు చేతిలో పెట్టింది మా పిల్ల. ఈ రాయి ఏ దేశానిది, ఏ గనిది, సానబట్టింది ఎక్కడ? ముంబైలో సరఫరా చేసేవాళ్లను కనుక్కుని ఫోన్ చేస్తానని ఆయన మర్యాదగానే చెప్పారు. మూడు నెలలైంది, నిశ్చితార్థం కూడా అయిపోయింది, ఫోన్ రాలేదు. మీరు వజ్రం కొనడానికి వెళ్లినప్పుడు ఆ మూడు ప్రశ్నలూ అడగండి, జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి. ఇవ్వలేకపోతే కొనకుండా వచ్చేయండి.